ఫెలిసిటీ కెండల్ నట జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

శశి కపూర్ మరదలు అని తెలిసి ఈ పేరు వెతికేవాళ్ళు కొందరు. లండన్‌లోనో లీసెస్టర్‌లోనో ఉంటూ పాత బీబీసీ కామెడీలు చూసి వచ్చేవాళ్ళు కొందరు. ఇంగ్లీషు నాటక రచయిత టామ్ స్టాపార్డ్ నాటకాలు చదువుతుంటే నటీనటుల జాబితాలో ఇదే పేరు పదేపదే కనిపించి వచ్చేవాళ్ళు ఇంకొందరు. ఎటు నుంచి వచ్చినా కలిగే సందేహాలు ఇంచుమించు ఇవే.

ఫెలిసిటీ కెండల్ ఎవరు?

1946 సెప్టెంబర్ 25న ఇంగ్లండ్‌లో, వార్విక్‌షైర్‌లోని ఓల్టన్‌లో పుట్టిన నటి. బ్రిటన్‌లో మధ్య వయసు దాటిన వాళ్ళని అడిగితే తొంభై శాతం 'ద గుడ్ లైఫ్'లో బార్బరా అనే అంటారు (ఇది నా అంచనాయే, సర్వే ఏమీ కాదు). 1975లో మొదలైన ఆ కామెడీ సీరియల్ ఆవిడని ఇంటింటి మనిషిని చేసింది. అయితే ఆవిడ పని జీవితంలో ఎక్కువ భాగం గడిచింది స్టూడియోలో కాదు, స్టేజీ మీద. టీవీలో వచ్చిన పేరు చూసి జనం థియేటర్లో టికెట్ కొన్నారు. స్టేజీ మీద అబ్బిన పనితనం వల్ల టీవీలో ఆవిడ నటన అంత తేలిగ్గా కనిపించింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తెలియకపోతే ఆవిడ కెరీర్ చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తుంది.

ఇంగ్లీషు నటి అంటున్నారు, మరి పెరిగింది ఇండియాలోనా?

అవును. తండ్రి జెఫ్రీ కెండల్, తల్లి లారా లిడెల్, ఇద్దరూ నటులే. జెఫ్రీ అసలు ఇంటిపేరు బ్రాగ్. ఉత్తర ఇంగ్లండ్‌లోని సొంత ఊరు కెండల్ పేరునే స్టేజీ కోసం పెట్టుకున్నాడు. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకి వింతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకు నాటకాలు ఆడే బృందంతో జెఫ్రీ ఇండియా వచ్చాడు. దేశం నచ్చింది. యుద్ధం అయ్యాక సొంత ట్రూప్ 'షేక్స్‌పియరానా' పెట్టి 1947లో ఒక విడత, 1953 నుంచి మరో విడత దేశమంతా తిరిగాడు. రాజుల కోటల్లో, కాన్వెంట్ స్కూళ్ళ హాళ్ళలో, క్లబ్బుల్లో, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఈ రాత్రి మహారాజా ముందు 'ఒథెల్లో', రేపు పొద్దున స్కూలు పిల్లల ముందు 'ద మర్చంట్ ఆఫ్ వెనిస్'.

సురభి నాటక సమాజం గురించి తెలిసినవాళ్ళకు ఈ బతుకు విడిగా వివరించక్కర్లేదు. కుటుంబమే ట్రూప్, ట్రూపే కుటుంబం, పిల్లలు నడక రాకముందే స్టేజీ ఎక్కడం. తేడా ఏమిటంటే సురభి వాళ్ళు తమ భాషలో తమ కథలు ఆడారు. కెండల్ కుటుంబం మాత్రం వలస పాలన ముగిసిన దేశంలో, ఆ పాలకుల భాషలో, టికెట్ డబ్బుల మీద బతికింది.

ఆవిడ నటన ఎక్కడ నేర్చుకుంది? డ్రామా స్కూల్లో చదివిందా?

లేదు. మొదటిసారి స్టేజీ ఎక్కింది తొమ్మిది నెలల వయసులో, 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో. యక్షుల రాజు, రాణి ఏ పిల్లాడి కోసం కొట్లాడుకుంటారో ఆ పిల్లాడి వేషం. ఆ తర్వాత చిన్న చిన్న బంట్ల వేషాలు, తొమ్మిదేళ్ళకు అదే నాటకంలో అల్లరి యక్షుడు పక్, ఇంకాస్త ఎదిగాక షేక్స్‌పియర్ నాటకాల్లోని అమ్మాయిలు వయోలా, జెస్సికా, ఒఫీలియా. చదువు కాన్వెంట్లలో, ఊరు మారినప్పుడల్లా కొత్త స్కూల్లో.

ఇలా నేర్చుకున్న నటికి మైకు అక్కర్లేదు. ఫ్యాన్లు గరగరలాడే హాల్లో చివరి బెంచీలో కూర్చున్న పిల్లాడికి కూడా మాట వినపడాలి. పైగా ఆ పిల్లాడికి ఇంగ్లీషు అంతంత మాత్రమే, అందుకని అర్థం కూడా గొంతులోనే తెలియాలి. డైలాగులు పుస్తకం చూసి బట్టీ పట్టడం కన్నా, పక్కతెర దగ్గర నిలబడి రోజూ విని నేర్చుకోవడమే ఎక్కువ. ఎవరికి జ్వరం వచ్చినా ఆ వేషం ఇంకొకరు వేసేయాలి.

ఇందులో ఇబ్బందీ ఉంది. 1960ల మధ్య నాటికి లండన్ థియేటర్ వేరే దారి పట్టి ఉంది. కార్మికుల ఇళ్ళు, వంటగదులు, మామూలు మాటతీరు స్టేజీ మీదికి వచ్చాయి. పాతకాలం ఒరవడిలో షేక్స్‌పియర్ చెప్పడం అలవాటైన అమ్మాయికి అక్కడ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

శశి కపూర్‌తో చుట్టరికం ఏమిటి?

శశి కపూర్ భార్య జెనిఫర్ కెండల్ ఈవిడకు సొంత అక్క, వయసులో బాగా పెద్ద. 1956లో కలకత్తాలో పృథ్వీరాజ్ కపూర్ ట్రూప్ ఒకపక్క, షేక్స్‌పియరానా ఒకపక్క ఆడుతున్నప్పుడు శశి, జెనిఫర్ కలిశారు. శశి కొన్నాళ్ళు మామగారి ట్రూప్‌లో కూడా వేషాలు వేశాడు. 1958లో పెళ్ళి. ముంబై జుహూలో 1978లో పృథ్వీ థియేటర్ కట్టించింది ఈ దంపతులే. '36 చౌరంఘీ లేన్' సినిమా చూసినవాళ్ళకు జెనిఫర్ ఎంతటి నటో చెప్పక్కర్లేదు. ఆవిడ 1984లో క్యాన్సర్‌తో చనిపోయింది. కునాల్, కరణ్, సంజనా కపూర్‌లకు ఫెలిసిటీ పిన్ని.

'షేక్స్‌పియర్ వాలా' సినిమా ఆవిడ సొంత కథేనా?

సగం అవును, సగం కాదు. 1965లో వచ్చిన ఈ సినిమాకు జేమ్స్ ఐవరీ దర్శకుడు, ఇస్మాయిల్ మర్చంట్ నిర్మాత, సంగీతం సత్యజిత్ రాయ్. జెఫ్రీ తన తిరుగుళ్ళ మీద రాసుకున్న డైరీయే దీనికి ఆధారం. తెర మీద తల్లిదండ్రులుగా కనిపించేది ఆవిడ నిజం తల్లిదండ్రులే. మహారాజా వేషం వేసిన ఉత్పల్ దత్ కూడా అంతకుముందు జెఫ్రీ ట్రూప్‌లో పనిచేసినవాడే. చిన్న పాత్రలో జెనిఫర్ కూడా ఉంది.

కల్పించింది ప్రేమకథని. సినిమాలో లిజీ (ఫెలిసిటీ వేషం) ప్రేమించే సంజూ వేషం శశి కపూర్‌ది. నిజంలో ఆయన అప్పటికే బావగారు! లిజీకి పోటీగా వచ్చే సినీతార మంజుల పాత్ర చేసిన మధుర్ జాఫ్రీకి బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఇంకో పెద్ద తేడా కథ స్వరంలో ఉంది. సినిమాలో ట్రూప్ దివాలా దశలో ఉంటుంది, జనం షేక్స్‌పియర్‌ని వదిలి హిందీ సినిమాల వెంట పడతారు. తమని అలా ఓడిపోయినవాళ్ళుగా చూపించడం జెఫ్రీకి రుచించలేదు. చివర్లో లిజీ ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళిపోతుంది. ఫెలిసిటీ కూడా అదే వయసులో ఇంగ్లండ్ వెళ్ళింది. తండ్రికి అదీ నచ్చలేదు.

లండన్ వెళ్ళగానే అవకాశాలు వచ్చాయా?

సినిమాకు విమర్శకుల మెప్పు దక్కింది కానీ దానితో పాటే వరసగా వేషాలు రాలేదు. 1966లో బీబీసీలో 'ద మేఫ్లై అండ్ ద ఫ్రాగ్' అనే టీవీ నాటకంలో సర్ జాన్ గీల్‌గుడ్ సరసన నటించింది. ఇండియాలో తండ్రి దగ్గర షేక్స్‌పియర్ నేర్చుకున్న అమ్మాయికి మొదటి టీవీ వేషమే ఆ శతాబ్దపు పేరుమోసిన షేక్స్‌పియర్ నటుడి పక్కన! 1967లో సవాయ్ థియేటర్‌లో 'మైనర్ మర్డర్'తో లండన్ స్టేజీ మీదికి వచ్చింది. ఆ తర్వాత ఏడేళ్ళు రీజెంట్స్ పార్క్ ఆరుబయలు రంగస్థలం, ఊళ్ళ థియేటర్లు, టీవీలో విడి వేషాలు.

అసలు మలుపు 1974లో, అలన్ ఎయిక్‌బోర్న్ రాసిన 'ద నార్మన్ కాంక్వెస్ట్స్'తో. ఇది ఒక నాటకం కాదు, మూడు. ఒకే ఇల్లు, ఒకే వారాంతం, అవే ఆరుగురు మనుషులు. మొదటిది భోజనాల గదిలో జరిగేది, రెండోది ముందు గదిలో, మూడోది తోటలో. ఒక నాటకంలో తలుపు తీసుకుని బయటికి వెళ్ళిన మనిషి ఇంకో నాటకంలో లోపలికి వస్తాడు. ఫెలిసిటీది యానీ వేషం: మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేస్తూ, బావ నార్మన్‌తో రహస్యంగా రెండు రోజులు ఎక్కడికైనా పారిపోదామా అని ఊగిసలాడే చిన్న కూతురు. మిగతావాళ్ళు టామ్ కోర్ట్నీ, మైకేల్ గాంబన్, పెనెలోపీ విల్టన్, పెనెలోపీ కీత్. ఆ తర్వాత నలభై ఏళ్ళు బ్రిటిష్ టీవీని, స్టేజీని మోసినవాళ్ళలో సగం మంది ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

'ద గుడ్ లైఫ్'లో అంత ఏముంది?

కథ చాలా చిన్నది. టామ్ గుడ్‌కి నలభై ఏళ్ళు నిండుతాయి. ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కార్న్‌ఫ్లేక్స్ లాంటి టిఫిన్ పొట్లాల్లో పిల్లలకి వేసే ప్లాస్టిక్ బొమ్మలు డిజైన్ చేయడం. ఇదేం బతుకు అని ఉద్యోగం మానేసి, భార్య బార్బరాతో కలిసి సొంత ఇంటి పెరట్లోనే వ్యవసాయం మొదలుపెడతాడు. కోళ్ళు, పందులు, జెరాల్డీన్ అనే మేక, లెనిన్ అనే కోడిపుంజు. కరెంటు కూడా సొంతంగానే చేసుకుంటారు. ఇదంతా పల్లెటూళ్ళో అయితే నవ్వేముంది? ఇది సర్బిటన్‌లో, సూటూబూటూ వేసుకుని రైలెక్కి లండన్ ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ పేటలో. పక్కింట్లో టామ్ పాత సహోద్యోగి జెరీ, ఆయన భార్య మార్గో. మురికి అంటే మార్గోకి ప్రాణాంతకం.

రాసినవాళ్ళు జాన్ ఎస్మండ్, బాబ్ లార్బీ. 1975 ఏప్రిల్ 4 నుంచి 1978 జూన్ 10 వరకు మొత్తం 30 ఎపిసోడ్లు. ఆఖరిదాన్ని స్టూడియోలో ఎలిజబెత్ రాణి, ప్రిన్స్ ఫిలిప్ ఎదుటే రికార్డు చేశారు. టామ్‌గా రిచర్డ్ బ్రయర్స్, జెరీగా పాల్ ఎడింగ్టన్, మార్గోగా పెనెలోపీ కీత్. ఇద్దరు ఆడవాళ్ళూ 'నార్మన్ కాంక్వెస్ట్స్' నుంచి వచ్చినవాళ్ళే. సర్బిటన్ అని చెప్పినా ఇళ్ళ బయటి దృశ్యాలు తీసింది నార్త్‌వుడ్‌లో, లండన్‌కి ఆ కొసన. లోపలి దృశ్యాలు బీబీసీ స్టూడియోలో, ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి. అంటే కెమెరాకి తగ్గట్టు చిన్నగానూ నటించాలి, హాల్లో నవ్వు ఆగేదాకా తర్వాతి మాట పట్టి ఉంచనూ గలగాలి. స్టేజీ అనుభవం లేనివాళ్ళకు అక్కడ టెన్షన్ మామూలుగా ఉండదు.

సమయం కూడా కలిసొచ్చింది. 1973 చమురు సంక్షోభం, కరెంటు కోతలు, వారానికి మూడు రోజులే ఫ్యాక్టరీలు నడిచిన రోజులు జనానికి ఇంకా గుర్తున్నాయి. ధరలు మండుతున్నాయి. పెరట్లో బంగాళదుంపలు వేసుకుంటే పోలా అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అనుకున్న కాలం అది.

అందులో ఎక్కువ పేరు మార్గోకే వచ్చింది కదా?

నవ్వులు మార్గోవే. బ్రిటన్ సినీ, టీవీ పురస్కారం బాఫ్టా కూడా పెనెలోపీ కీత్‌కే వచ్చింది. నా దృష్టిలో కష్టమైన వేషం మాత్రం బార్బరాదే. ఆలోచన భర్తది, చాకిరీలో సగం ఆమెది. కాస్త అటైతే మొగుడి వెర్రికి తలూపే పిచ్చిపిల్ల అయిపోతుంది, కాస్త ఇటైతే సణుగుడు పెళ్ళాం అవుతుంది. ఫెలిసిటీ రెండింటిలోనూ పడలేదు. బార్బరా తెలిసే ఒప్పుకుంది, అప్పుడప్పుడు అలిసిపోతుంది, కొత్త గౌను వేసుకోవాలని ఆశ పడుతుంది, మర్నాడు మళ్ళీ బూట్లు వేసుకుని బురదలోకి దిగుతుంది. 1977లో నాలుగో సిరీస్ చివర ఒక ఎపిసోడ్ ఉంది. ఒక వేడుక ముగించుకుని వచ్చేసరికి దొంగలు ఇల్లంతా ధ్వంసం చేసి పోయి ఉంటారు. ఆ కాసేపు కామెడీ ఆగిపోతుంది. ఆవిడ ఏమిటో ఆ ఎపిసోడ్‌లో తెలుస్తుంది.

ఆ రోజుల పత్రికలు ఇంకో వేలంవెర్రి కూడా సృష్టించాయి. డంగరీలు తొడుక్కుని పెరట్లో తిరిగే బార్బరా అందం మీద లెక్కలేనన్ని వార్తలు, 1981లో 'రియర్ ఆఫ్ ద ఇయర్' (అందమైన పిరుదులకని ఇచ్చేది) అనే బిరుదు. అదే సమయంలో ఆవిడ నేషనల్ థియేటర్‌లో 'ఒథెల్లో' నాయిక డెజ్డిమోనా చేసి వచ్చిన నటి. ఇప్పుడు చదివితే చిరాకేస్తుంది.

బార్బరా ముద్ర నుంచి ఎలా బయటపడింది?

టీవీలో కొంత తెగించి ప్రయత్నించింది. కార్లా లేన్ రాసిన 'సోలో' (1981–82)లో ఆవిడ జెమ్మా. మోసం చేసిన ప్రియుణ్ణీ, ఉద్యోగాన్నీ వదిలేసి ఒంటరిగా బతకాలనుకునే ముప్ఫై ఏళ్ళ స్త్రీ. అదే రచయిత్రి 'ద మిస్ట్రెస్' (1985–87)లో పెళ్ళైన మగాడితో సంబంధం పెట్టుకున్న పూల కొట్టు యజమానురాలు. మా బార్బరా ఇలాంటి పనులు చేయడమేమిటని నొచ్చుకున్న ప్రేక్షకులు ఉన్నారు. 1994లో 'హనీ ఫర్ టీ' అమెరికన్ యాసతో చేసిన సీరియల్. ఒక్క సిరీస్‌తో ఆగిపోయింది, దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది 1992లో పీటర్ హాల్ తీసిన 'ద కామొమైల్ లాన్'. యుద్ధకాలపు కుటుంబ కథ. ఇందులో ఆవిడ భర్త వేషం పాల్ ఎడింగ్టన్‌ది, అంటే పక్కింటి జెరీది. ఆవిడ వేసిన హెలెనా అంత మంచి మనిషేమీ కాదు: స్వార్థం, విసుగు, ఆలస్యంగా దొరికిన ప్రేమ. ప్రేక్షకుల అభిమానం కోసం ఎక్కడా పాకులాడకుండా చేసింది. 1980లో బీబీసీ షేక్స్‌పియర్ వరసలో వచ్చిన 'ట్వెల్త్ నైట్' కూడా తప్పక చూడాలి. వయోలాగా ఆవిడే.

నేషనల్ థియేటర్‌లో ఏమేం చేసింది?

1979లో సంగీతకారుడు మోజార్ట్ కథ, పీటర్ షాఫర్ 'అమడేయస్' తొలి ప్రదర్శన. సాలియేరిగా పాల్ స్కోఫీల్డ్, మోజార్ట్‌గా సైమన్ కాలో, అతని భార్య కాన్‌స్టాంజ్‌గా ఫెలిసిటీ, దర్శకుడు పీటర్ హాల్. తర్వాత సినిమాగా లోకమంతా చూసిన కథ మొదట రూపు దిద్దుకున్నది ఈ ముగ్గురి మధ్య. 1980లో స్కోఫీల్డ్ ఒథెల్లో, ఈవిడ డెజ్డిమోనా. 1981లో 'ఆన్ ద రాజిల్'లో మగపిల్లాడి వేషం కట్టి కొట్టు గుమాస్తాగా నవ్వించింది. చిన్నప్పుడు తండ్రి ట్రూప్‌లో బంట్ల వేషాలు వేసిన అలవాటు అక్కడ పనికొచ్చింది. పీటర్ హాల్ ఆ తర్వాత కూడా పాతికేళ్ళకు పైగా ఆవిణ్ణి పిలుస్తూనే ఉన్నాడు.

టామ్ స్టాపార్డ్ నాటకాల్లో ఆవిడ పేరు ఎందుకు అన్నిసార్లు కనిపిస్తుంది?

'ఆన్ ద రాజిల్' కూడా ఆయన రాసిందే. 1982లో 'ద రియల్ థింగ్'లో యానీ, 1985లో 'జంపర్స్', 1988లో 'హాప్‌గుడ్'లో గూఢచారి అధికారిణి, 1993లో 'ఆర్కేడియా'లో హానా జార్విస్, 1995లో 'ఇండియన్ ఇంక్'లో ఫ్లోరా క్రూ. ఒక రచయిత పదిహేనేళ్ళ పాటు ఒకే నటి గొంతు చెవిలో పెట్టుకుని రాయడం తరచూ జరిగే పని కాదు.

స్టాపార్డ్ మాటలు పొడుగ్గా, మెలికలు తిరుగుతూ సాగుతాయి. గణితం, భౌతికశాస్త్రం, తోటల చరిత్ర, అన్నీ డైలాగుల్లోకి వస్తాయి. తెలివిని ప్రదర్శిస్తున్నట్టు చెబితే ప్రేక్షకుడికి పాఠం వింటున్నట్టు ఉంటుంది. ఫెలిసిటీది కాస్త జీర ఉన్న గొంతు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. ఆ గొంతులో అదే డైలాగు మామూలు మనిషి కోపంగానో సరదాగానో వస్తుంది. 'ఆర్కేడియా'లో హానా పరిశోధకురాలు, ఎవరినీ దగ్గరకు రానివ్వదు. బిల్ నై చేసిన ఆర్భాటపు ప్రొఫెసర్‌కి ఎదురు నిలబడే మనిషి. ఆ వేషానికి ఆ జీర, ఆ పొదుపు సరిగ్గా అతికాయి.

ఇండియా సంగతి వేరుగా చెప్పాలి. స్టాపార్డ్ కూడా చిన్నతనంలో 1942 నుంచి 46 దాకా ఇండియాలో ఉన్నవాడే, డార్జిలింగ్‌లో చదువుకున్నాడు. 1991లో రేడియో కోసం 'ఇన్ ద నేటివ్ స్టేట్' రాసి ఫెలిసిటీకే అంకితమిచ్చాడు. 1930లో ఒక సంస్థానానికి వచ్చిన ఇంగ్లీషు కవయిత్రి, ఆమె బొమ్మ గీసే భారతీయ చిత్రకారుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ సంగతులు గుర్తు చేసుకునే చెల్లెలు, ఇదీ కథ. ఆ రేడియో నాటకంలో చెల్లెలు మిసెస్ స్వాన్ గొంతు పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌ది. ఆ మహానటి అదే ఏడాది కన్నుమూసింది. 1995లో ఆల్డ్‌విచ్ థియేటర్‌లో ఇదే 'ఇండియన్ ఇంక్'గా స్టేజీకెక్కింది. చిత్రకారుడు నిరద్ దాస్‌గా ఆర్ట్ మాలిక్. అచ్చయిన నాటకం అంకితం ఫెలిసిటీ తల్లి లారా జ్ఞాపకానికి.

1990లలో ఇద్దరూ కొన్నేళ్ళు సహచరులుగా ఉన్నారన్నది అందరికీ తెలిసిన విషయమే. ఆ వేషాలు దానివల్లే వచ్చాయనేవాళ్ళు తేదీలు చూసుకోవాలి. 'ద రియల్ థింగ్' నాటికి ఆ బంధం లేదు.

2025 చివర్లో లండన్ హాంప్‌స్టెడ్ థియేటర్ 'ఇండియన్ ఇంక్'ని మళ్ళీ వేసినప్పుడు మిసెస్ స్వాన్ వేషం ఫెలిసిటీదే. ముప్ఫై ఏళ్ళ కింద అక్క ఫ్లోరా, ఇప్పుడు చెల్లెలు. ప్రదర్శనలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, నవంబర్ చివర్లో స్టాపార్డ్ చనిపోయాడు.

పెద్ద అవార్డులు ఏమైనా వచ్చాయా?

1989లో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక ఇచ్చే ఉత్తమ నటి అవార్డు. అలన్ బేట్స్‌తో కలిసి స్ట్రాండ్ థియేటర్‌లో 'మచ్ అడూ అబౌట్ నథింగ్', చెహోవ్ 'ఇవానోవ్' రెండూ ఒకే సీజన్‌లో చేసింది. ఒకదాంట్లో మాటల కత్తియుద్ధం, ఇంకోదాంట్లో విషాదం. 1995లో ప్రభుత్వం సీబీఈ అనే గౌరవ పురస్కారం ఇచ్చింది. మగవాళ్ళ 'సర్'కి సమానమైన డేమ్ బిరుదు రాలేదు. పక్కింటి మార్గో, అంటే పెనెలోపీ కీత్‌కి 2014లో వచ్చింది.

వయసు పెరిగాక వేషాలు తగ్గలేదా?

టీవీలో తగ్గాయి, స్టేజీ మీద పెరిగాయి. బ్రిటిష్ నాటకంలో పెద్ద వయసు ఆడవాళ్ళకు రాసిన గట్టి వేషాలు చాలానే ఉన్నాయి, వాటిని మోయగల నటి దొరకాలి అంతే. 2003లో శామ్యూల్ బెకెట్ 'హ్యాపీ డేస్'లో విన్నీ. ఇది నటికి నరకం లాంటి వేషం. మొదటి అంకంలో నడుం దాకా, రెండో అంకంలో మెడ దాకా మట్టిదిబ్బలో కూరుకుపోయి, దాదాపు ఒంటరిగా నాటకమంతా మాట్లాడుతూ ఉండాలి. నడక లేదు, చేతులు కూడా సగం వరకే. నోరు, కళ్ళు, జ్ఞాపకశక్తి మిగులుతాయి. 2006లో 'ఏమీస్ వ్యూ'లో వెస్ట్ ఎండ్ (లండన్‌లో పెద్ద నాటకశాలల పేట) నటి ఎస్మీ, 2008లో నోయెల్ కవర్డ్ 'ద వోర్టెక్స్'లో కొడుకు వయసు కుర్రాళ్ళతో తిరిగే తల్లి, 2010లో బెర్నార్డ్ షా 'మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్'లో వేశ్యాగృహాలు నడిపే తల్లి, ఆ తర్వాత 'హే ఫీవర్', 'లెటిస్ అండ్ లవేజ్'. 2021లో బార్బికన్‌లో 'ఎనీథింగ్ గోస్' మ్యూజికల్. 76 ఏళ్ళ వయసులో 'నాయిసెస్ ఆఫ్', అంటే తలుపులు వేస్తూ తీస్తూ, సార్డిన్ చేపల పళ్ళేలు పట్టుకుని మెట్లెక్కి దిగే ప్రహసనం!

ఆవిడ వయసువాళ్ళలో చాలామంది ఈ సరికి ఒకరోజు షూటింగ్‌తో అయిపోయే టీవీ వేషాలకే పరిమితమయ్యారు. వారానికి ఎనిమిది ఆటలు ఆడే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, షేక్స్‌పియరానా రోజుల వైపే వేలు చూపించాలి.

'రోజ్‌మేరీ అండ్ థైమ్' చూడదగ్గదేనా?

మధ్యాహ్నం టీ తాగుతూ చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. ఐటీవీ ఛానల్‌లో 2003లో మొదలై మూడు సిరీస్‌లు, 22 ఎపిసోడ్లు నడిచింది. ఉద్యోగం పోయిన మొక్కల తెగుళ్ళ నిపుణురాలు రోజ్‌మేరీ (ఫెలిసిటీ), భర్త వదిలేసిన మాజీ పోలీసు లారా థైమ్ (పామ్ ఫెరిస్). ఇద్దరూ తోటలు బాగుచేసే పని మీద వెళ్తారు, వెళ్ళిన చోటల్లా ఒక శవం. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోతుంది, నిజం. అయినా నలభైలు, యాభైలు దాటిన ఇద్దరు ఆడవాళ్ళను, ప్రేమకథ ఏదీ అతికించకుండా, ముందు పెట్టి నడిపిన సీరియల్ ఆ రోజుల్లో అరుదు.

సినిమాల్లో ఎందుకు పెద్దగా కనిపించదు?

కొద్దిగా చేసింది. 1977లో కెన్ రసెల్ 'వాలెంటినో'లో జూన్ మాథిస్ వేషం ఒకటి. కానీ రాత్రిపూట వెస్ట్ ఎండ్‌లో నాటకం ఉన్న నటికి నెలల తరబడి సినిమా షూటింగ్ కుదరదు. టీవీ సీరియల్ కుదురుతుంది. సినిమాతో వచ్చే డబ్బు, అంతర్జాతీయ పేరు ఆవిడకి దక్కలేదు. అమెరికాలో 'గుడ్ నెయిబర్స్' పేరుతో వేసిన 'గుడ్ లైఫ్' చూసినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు గుర్తుపట్టకపోవచ్చు.

మళ్ళీ ఇండియాకు వచ్చిందా? తన జీవితం గురించి ఏమైనా రాసిందా?

రెండూ. 1998లో 'వైట్ కార్గో' అనే ఆత్మకథ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద మాట పడిపోయిన తండ్రి పక్కన కూర్చుని, ఇండియా బాల్యాన్ని తలుచుకుంటూ రాసినది. జెఫ్రీ అదే ఏడాది చనిపోయాడు. తారల ఆత్మకథల్లో ఉండే డాబు ఇందులో ఉండదు. మొండి తండ్రి మీద ప్రేమ, కోపం రెండూ దాచకుండా రాసింది. 2012లో బీబీసీ కోసం ఇండియా తిరిగి, షేక్స్‌పియర్ ఇక్కడ ఎలా నాటుకున్నాడో చూపే డాక్యుమెంటరీ చేసింది.

2008లో బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో ఒక ఎపిసోడ్‌లో ఆవిడ వేసిన లేడీ ఎడిసన్ పాత్ర రహస్యం కూడా ఇండియాతోనే ముడిపడి ఉంటుంది. ఆ వేషానికి ఆవిణ్ణి పిలిచినవాళ్ళకు ఆ పోలిక తట్టకుండా ఉండదు.

ఇప్పుడు చూడాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నాటకాల్లో చాలా వరకు చూసినవాళ్ళ జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. 1982 'రియల్ థింగ్' చూడాలని ఎంత అనిపించినా చేయగలిగేది లేదు. 'ఎనీథింగ్ గోస్'ని మాత్రం బార్బికన్‌లోనే చిత్రీకరించి సినిమా హాళ్ళలో, టీవీలో వేశారు. అందులో ఆవిడ వేషం చిన్నది, అది చూసి మొత్తం అంచనా వేయకండి.

నన్నడిగితే వరస ఇలా పెట్టుకోండి. ముందు 'షేక్స్‌పియర్ వాలా', వెంటనే 1980 'ట్వెల్త్ నైట్'. పదిహేనేళ్ళ తేడాలో ఆ గొంతు ఎంత మారిందో, ఏమి మారలేదో వినిపిస్తుంది. ఆ తర్వాత 'గుడ్ లైఫ్'. మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తేనే బాగుంటుంది, ఎందుకంటే టామ్ ఉద్యోగం మానేసేది అందులోనే. ఓపిక లేకపోతే 1977 క్రిస్మస్ ఎపిసోడ్ ఒక్కటి పెట్టుకోండి. మార్గో తెప్పించాల్సిన పండుగ సామాను రాదు, పక్కింటివాళ్ళు డబ్బు ఖర్చు లేకుండా చేసుకున్న పండక్కి వెళ్ళాల్సి వస్తుంది.